అర్జునుడి విషాదం, మన విషాదం: మానసిక చికిత్సలో మతగ్రంథాల వాడకంపై ఒక చారిత్రక పరిశీలన

మన దేశంలో మానసిక వైద్యం మీద జరిగే సెమినార్లలో, పత్రికల్లో ఒక మాట తరచుగా వినపడుతుంది. ప్రపంచంలో మొట్టమొదటి సైకోథెరపిస్టు కృష్ణుడనీ, మొట్టమొదటి పేషెంటు అర్జునుడనీ, రెండు సైన్యాల మధ్య నిలబడ్డ రథమే మొట్టమొదటి క్లినిక్ అనీ. ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, ఇందులో చర్చించాల్సిందేదో ఉందని చెప్పేవాళ్లకీ అనిపించదు, వినేవాళ్లకీ అనిపించదు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాం. మతగ్రంథం వైద్యుడి గదిలోకి ఎట్లా వచ్చింది, ఎవరు తెచ్చారు, అది ఎవరి దుఃఖాన్ని తీర్చింది, ఎవరి దుఃఖాన్ని నోరు మూయించింది అనేవి చరిత్ర ప్రశ్నలు. నీతి ప్రశ్నలు వీటి వెనకాలే వస్తాయి.

ముందే ఒక విషయం స్పష్టం చెయ్యాలి. గ్రంథాన్ని చికిత్స గదిలోంచి బయటికి గెంటెయ్యాలని మేము వాదించడం లేదు. ఫ్రాయిడ్ 1927లో మతాన్ని ఒక భ్రమ అని పుస్తకమే రాశాడు. అది ఆయన వాదన. మన వాడల్లో పరిస్థితి వేరు. అక్షరం రాని అవ్వలు కూడా దావీదు కీర్తనలు నోటికి అప్పజెప్తారు. ఇంట్లో చావు జరిగితే, పంట పోతే, మొగుడు కొడితే వాళ్లు పట్టుకునేది ఆ మాటల్నే. ఎల్లమ్మ కథ వింటూ ఏడ్చి, లేచి పనికి పోయే మనుషులున్నారు. వాళ్ల దగ్గరున్న ఆసరాని భ్రమ అని కొట్టిపారెయ్యడం కూడా ఒక రకం పెత్తనమే. కాబట్టి గ్రంథం వాడాలా వద్దా అనేదాన్ని పక్కన పెట్టి, ఎవరు ఎవరిమీద ఏ అధికారంతో వాడుతున్నారు అని అడుగుతున్నాం.

మొదట ఆ రథం దగ్గరికే పోదాం. అర్జునుడి దుఃఖం దేనికోసం? బంధువుల్ని చంపాల్సొస్తుందనే బాధ దాంట్లో ఉంది, నిజమే. ఆ బాధని ఎవరూ తక్కువ చెయ్యక్కర్లేదు. అయితే గీత మొదటి అధ్యాయంలో 40 నుంచి 44 దాకా ఉన్న శ్లోకాలు చూడండి. కులం నాశనమైతే ఆడవాళ్లు చెడిపోతారనీ, ఆడవాళ్లు చెడిపోతే వర్ణసంకరం జరుగుతుందనీ, వర్ణసంకరం జరిగితే నరకమే గతి అనీ అతని బెంగ. అంటే ఈ పేషెంటు చెప్పుకునే దుఃఖంలో ఒక భాగం కులం కలుషితమైపోతుందనే భయం. థెరపిస్టు ఏం చెయ్యాలి? కనీసం ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చిందని అడగాలి గదా. కృష్ణుడు అడగడు. మూడో అధ్యాయం 24వ శ్లోకానికి వచ్చేసరికి, తాను కర్మ చెయ్యకపోతే సంకరానికి కర్తనవుతానని తన నోటితోనే అంటాడు. పేషెంటు భయమూ వైద్యుడి భయమూ ఒకటే. నాలుగో అధ్యాయంలో చాతుర్వర్ణ్యం తన సృష్టే అంటాడు. పద్దెనిమిదో అధ్యాయంలో ఎవరి వర్ణానికి ఏ పని సహజమో పంచిపెట్టి, లోపమున్నా సరే పుట్టుకతో వచ్చిన పనిని వదలకూడదంటాడు. యుద్ధం మానుకున్న క్షత్రియుడికి ఇది మందేమో. దొడ్డి ఊడ్చే పని మానుకున్న మనిషికి ఇదే మందు ఇస్తే ఏమవుతుంది?

ఇంకో వైపు కూడా చెప్పకపోతే మా చదువు పక్షపాతమవుతుంది. అదే పద్దెనిమిదో అధ్యాయం 63వ శ్లోకంలో, చెప్పిందంతా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమనే మాట ఉంది. నిర్ణయం పేషెంటుదే అనే నేటి సూత్రానికి ఇది దగ్గరగా ఉందని గీతావాదులు చూపించేది దీన్నే. 67వ శ్లోకంలో, వినడానికి ఇష్టం లేనివాడికి దీన్ని చెప్పొద్దని కూడా ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. గీతని చికిత్సకి వాడతామనే వాళ్లు ముందు పాటించాల్సిన శ్లోకం అదే, వాళ్లు ఎప్పుడూ ఎత్తని శ్లోకమూ అదే. 63కీ 67కీ మధ్యలో 66 ఉంది. అన్ని ధర్మాలూ వదిలి నన్నే శరణు పొందు అంటుంది. తోచినట్టు చెయ్యమన్న మూడు శ్లోకాల్లోనే శరణు రమ్మనడం మన హాస్టలు వార్డెన్ల ప్రజాస్వామ్యాన్ని గుర్తు చేస్తుంది.

ఈ గ్రంథం ఆధునిక వైద్యంలోకి వచ్చిన దారి చూద్దాం. 1922లో కలకత్తా పార్శీబగాన్ లేన్‌లోని తన ఇంట్లో గిరీంద్రశేఖర బోస్ ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్న మనిషి, ఈడిపస్ సిద్ధాంతం మీద ఆయనతో విభేదించిన మనిషి. 1940లో లుంబినీ పార్క్ మానసిక ఆసుపత్రి మొదలు కావడంలో కూడా ఆయనది ముఖ్యమైన చెయ్యి. ఆయనే బెంగాలీలో గీతమీద వ్యాఖ్య రాశాడు, పురాణాల మీద పుస్తకం రాశాడు. వలస పాలకులు ఇండియా మనసుని పిల్లల మనసుగా, ఆటవిక మనసుగా లెక్కగట్టిన రోజులవి. రాంచీలో యూరోపియన్ల ఆసుపత్రి చూసిన బర్క్‌లీ-హిల్ లాంటి వాళ్లు హిందువుల గురించి రాసిన రాతలు చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దానికి జవాబుగా మా దగ్గరా మనస్తత్వ శాస్త్రం ఉంది, మీకన్నా పాతది ఉంది అని చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకి వచ్చింది. ఆ అవసరం నిజమైందే. అయితే జవాబు వెతకడానికి వాళ్లు పోయింది తమ ఇంటి అల్మారా దగ్గరికి. కలకత్తా భద్రలోకం ఇంటి అల్మారాలో ఉన్న పుస్తకాలే భారతీయ మనసు అయిపోయినాయి. ఆ ఇంటి పాయఖానా శుభ్రం చేసిన మనిషికి కూడా ఒక మనసుందనీ, దానికి వేరే కథ ఉందనీ ఎవరికీ తట్టలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ధోరణి ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఇక్కడ అందర్నీ ఒక్క గాటన కట్టకూడదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాల్ని ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచాడు. రోగిని గొలుసు కట్టి వదిలేసి పోయే కాలంలో ఇది ఎంత పెద్ద పనో చెప్పక్కర్లేదు. 1964లో ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరామ్ రాసిన వ్యాసం పడమటి సైకోథెరపీని ఉన్నదున్నట్టు ఇక్కడికి దించడం పనికిరాదని గట్టిగా చెప్పింది. డాక్టర్ చదువూ ఆలోచనా ఇంగ్లీషులో, రోగి బతుకూ బాధా ఇంకో భాషలో ఉన్నప్పుడు ఇద్దరి మధ్య ఏం నడుస్తుందనే ప్రశ్న మనకీ అవసరమైందే. 1973లో జస్వంత్ సింగ్ నేకీ గురు-చేలా సంబంధాన్ని చికిత్సకు నమూనాగా ప్రతిపాదించాడు. పడమటి వైద్యం రోగి తన కాళ్లమీద నిలబడాలంటుంది, మన సంస్కృతిలో ఒకరిమీద ఆధారపడటం తప్పు కాదు, గురువుమీద ఆధారపడి చేలా ఎదుగుతాడు అనేది ఆయన వాదన సారం. అదే దశకంలో మదురైలో పనిచేసిన ఎ. వెంకోబారావు లాంటివాళ్లు ఆయుర్వేదంలో, గీతలో మానసిక వైద్య ఆలోచనని వెతికారు. 2012లో మన హైదరాబాదు నుంచే, గీతలో సైకోథెరపీకి పనికొచ్చే అంశాల మీద వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. చాలామంది రోగుల పట్ల ప్రేమున్న డాక్టర్లే. అయినా గురు-చేలా అనగానే మనకి గుర్తొచ్చే కథ, వాళ్లకి గుర్తొచ్చే కథ ఒకటి కాదు. ఏకలవ్యుడు కూడా చేలాయే. గురువు ఎదురుగా లేకపోయినా మట్టిబొమ్మ పెట్టుకుని నమ్మిన చేలా. ఫీజుగా ఏమిచ్చాడో అందరికీ తెలుసు. శంబూకుడికి గురువు కూడా దొరకలేదు. మన తెలుగు నేలమీద వీరబ్రహ్మం శిష్యుల్లో సిద్ధయ్య ఉన్నాడు, కక్కయ్య ఉన్నాడు. శరీరంలో దేవతలుంటారని గురువు చెప్తుంటే చాటుగా విన్న మాదిగ కక్కయ్య ఇంటికి పోయి, చూద్దామని భార్య ఒళ్లు కోశాడని కథ చెప్తారు. వీరబ్రహ్మం ఆమెని బతికిస్తాడు. కక్కయ్య శిష్యుడవుతాడు. బాగానే ఉంది. కానీ గూఢార్థం సిద్ధయ్యకి తెలిసి కక్కయ్యకి మాత్రం ఎందుకు తెలియకుండా పోయింది? చెప్పులు కుట్టేవాడికి మాట అర్థం కాదు, తోలే అర్థమవుతుంది అనే నమ్మకం ఆ కథలో ఇరుక్కుని ఉంది. గ్రంథం అందుకునే యోగ్యత ఎవరికి ఉంది అనే లెక్క, గ్రంథంతో పాటే చికిత్స గదిలోకి వస్తుంది.

అన్నిటికన్నా బరువైంది కర్మ సంగతి. కర్మ నమ్మకం భారతీయ రోగికి కష్టాన్ని తట్టుకునే శక్తినిస్తుందని మానసిక వైద్య రచనల్లో పదే పదే కనబడుతుంది. పిల్లవాడు చచ్చిపోయిన తల్లికి, కేన్సరొచ్చిన మనిషికి అది కొంత ఊరటనిస్తే ఇవ్వొచ్చు. కానీ దుఃఖానికి కారణం ఇంకో మనిషి చేసిన పని అయినప్పుడు? మాకు తెలిసిన ఒక అబ్బాయి పీజీ చదువుతున్నప్పుడు నిద్రపట్టక, తిండి సయించక కౌన్సెలర్ దగ్గరికి పోయాడు. గైడు తనని మూడు నెలలుగా గదిలోకి రానివ్వడం లేదని, తోటివాళ్ల ముందు రిజర్వేషన్ సరుకు అన్నాడని చెప్పుకున్నాడు. ఆ కౌన్సెలర్ శాంతంగా అంతా విని, ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా నీ పని నువ్వు చెయ్యి అని గీత సారం చెప్పి, చిన్న పుస్తకం చేతిలో పెట్టి పంపించాడు. దురుద్దేశం ఏమీ లేదు. తనకి కష్టమొచ్చినప్పుడు పనికొచ్చిన పుస్తకమే ఇచ్చాడు. ఆ అబ్బాయి బయటికొచ్చి మాతో అన్నమాట ఇది: "అన్నా, నా బాధ చెప్పుకోవడానికి పోతే నా కులం సంగతి ఎత్తకుండా నా కర్మ సంగతి ఎత్తిండు." ఆ పిల్లవాడు మళ్లీ ఆ గదికి పోలేదు.

ఇక్కడ జరిగింది ఏమిటి? గైడు చేసిన నేరం విద్యార్థి మనసులోని ఆశగా మారిపోయింది. మార్చాల్సింది గైడుని కాదు, ఆశని. ఈ పని చెయ్యడానికే కర్మ సిద్ధాంతం పుట్టిందని అంబేద్కర్ తేల్చి చెప్పాడు. 1957లో, ఆయన చనిపోయిన తర్వాత అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో పూర్వజన్మ కర్మ గురించి ఆయన అడిగింది ఇదే. బీదల, హీనుల పరిస్థితికి సమాజమూ రాజ్యమూ బాధ్యత తప్పించుకోవడానికి తప్ప ఈ సిద్ధాంతానికి వేరే ప్రయోజనం ఏముందని. దీన్ని మేము మానసిక వైద్యానికి సంబంధించిన వాక్యంగా కూడా చదువుతున్నాం. బాధ్యత ఎక్కడ పెడతావు అనేదే ప్రతి కౌన్సెలింగ్ గదిలో మొదటి ప్రశ్న గదా.

అంబేద్కర్‌ని న్యాయశాస్త్రవేత్తగా, ఆర్థికవేత్తగా చదువుతాం. గ్రంథం మనసుమీద ఏం పనిచేస్తుందో పరిశోధించినవాడిగా తక్కువ చదువుతాం. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు సభ రద్దు చేసుకున్నాక ఆయనే అచ్చు వేయించిన 'కులనిర్మూలన'లో ముఖ్యమైన వాదన ఏమిటి? కులం ఇటుకల గోడ కాదు, అదొక మానసిక స్థితి. జనం కులం పాటించేది చెడ్డవాళ్లయి కాదు, శాస్త్రాన్ని నమ్మి. కాబట్టి తగలాల్సిన దెబ్బ శాస్త్రాల పవిత్రతకు తగలాలి. అంతకు ముందే 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతి తగలబెట్టారు. దాన్ని రాజకీయ ఘటనగానే చెప్తారు. కానీ అక్కడున్న వేలమంది అంటరానివాళ్ల మనసుకి, తమని అశుద్ధమన్న పుస్తకం కళ్లముందు కాలిపోవడం ఏమై ఉంటుందో ఆలోచించండి. గీతమీద ఆయన రాసి పూర్తిచెయ్యకుండా వదిలిన వ్యాసాలు 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన మూడో సంపుటంలో వచ్చాయి. గీత బౌద్ధం తర్వాత వచ్చిందనీ, బౌద్ధం కొట్టిన దెబ్బకి కూలిపోతున్న చాతుర్వర్ణ్యానికి, యజ్ఞకర్మకి తత్వం పేరుతో ఊతమిచ్చిందనీ ఆయన వాదన. మైత్రి, కరుణ లాంటి మాటలు బౌద్ధం నుంచి అరువు తెచ్చుకున్నవే అంటాడు. దీనిమీద పండితుల తగాదాలుంటే ఉండొచ్చు. కౌన్సెలర్‌కి మాత్రం దీంట్లోంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒక శ్లోకం ఓదార్పుగా వినపడేది దాని వెనకున్న వాదాన్ని మర్చిపోయినప్పుడే. మర్చిపోవడం కొందరికి తేలిక. ఆ వాదం ఎవరి వీపుమీద నిలబడిందో వాళ్లకి కాదు.

మన దేశాన్ని వదిలి కాస్త బయటికి పోతే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చు వేశారు. ఇశ్రాయేలు ప్రజలు ఐగుప్తు బానిసత్వంలోంచి బయటపడిన భాగం దాదాపుగా అందులో లేదు. దాసులారా యజమానులకు లోబడండి అనే భాగాలు భద్రంగా ఉన్నాయి. గ్రంథాన్ని వాడటమంటే ముందు ఏరడం. ఏరేవాడి చెయ్యి ఎవరిది అనేది తర్వాత తెలుస్తుంది. 1851లో అమెరికా లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, పారిపోయే బానిసలకి ఒక మానసిక రోగం ఉందని కనిపెట్టాడు. దానికి డ్రాపెటోమేనియా అని పేరు కూడా పెట్టాడు. నల్లవాడు మోకాళ్లు వంచి లోబడి ఉండాలనేది లేఖనాల్లో ఉన్న దేవుడి సంకల్పమని, ఆ స్థితిలో ఉంచితే రోగం రాదని, వస్తుందనే గుర్తులు కనబడితే కొరడాయే మందని రాశాడు. రోగ నిర్ధారణ, దైవ వాక్యం, కొరడా ఒకే కాగితం మీద కలిసి నిలబడ్డ సందర్భం చరిత్రలో ఇంతకంటే స్పష్టంగా మాకు కనబడలేదు.

దీనికి జవాబు ఒక ముసలమ్మ దగ్గర ఉంది. నల్లజాతి మత తత్వవేత్త హవర్డ్ థర్మన్ 1949లో రాసిన పుస్తకంలో తన అమ్మమ్మ గురించి చెప్పాడు. ఆమె బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడితో బైబిలు చదివించుకునేది. కీర్తనలు, యెషయా, సువార్తలు చదవమనేది. పౌలు పత్రికలు మాత్రం చదవనిచ్చేది కాదు, ప్రేమ గురించిన అధ్యాయం అప్పుడప్పుడూ తప్ప. ఎందుకని పెద్దయ్యాక అడిగితే చెప్పింది. యజమాని తెప్పించిన తెల్ల పాస్టరు ఎప్పుడూ పౌలు మాటే ఎత్తి బానిసలు లోబడాలని చెప్పేవాడని, విడుదలై చదువొస్తే ఆ భాగం చదవకూడదని అప్పుడే నిశ్చయించుకున్నానని. మానసిక చికిత్సలో గ్రంథాన్ని నీతిగా వాడటం మీద ఎన్ని పేపర్లొచ్చినా ఆ ముసలమ్మ చేసిన పనిని దాటి పోలేవు. ఏ పుట తెరవాలో, ఏ పుట మూసెయ్యాలో దుఃఖపడే మనిషే చెప్పాలి.

మన క్రైస్తవ వాడల సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఇది ఇంటి సంగతి కాబట్టి మొహమాటం ఎక్కువ. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో మాదిగలు వేలమంది బాప్టిస్టు మిషన్‌లో చేరారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మెదక్‌లో కరువు పనిగా కట్టడం మొదలైన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఊరు బావి దగ్గరికి రానివ్వని మనుషుల చేతిలో మొదటిసారి ఒక గ్రంథం పడింది. వేదం వింటే చెవుల్లో సీసం పోయమన్న చోట, నువ్వే చదువు అన్న పుస్తకం. దీని విలువని తక్కువ చేసేవాళ్లకి మన చరిత్ర తెలియదు. అయినా, ఆ పుస్తకాన్ని పట్టుకుని మన పాస్టర్లలో చాలామంది చేసే కౌన్సెలింగ్ ఏమిటి? రోగమొస్తే పాపం ఒప్పుకో. భర్త కొడితే శిలువ మొయ్యి. దయ్యం పట్టింది, ఉపవాసం ఉండు. మనోవేదనకి పాపమే మూలమని, బైబిలు తప్ప వేరే మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదని వాదించిన జే ఆడమ్స్ పుస్తకం 1970లో అమెరికాలో వచ్చింది. పేరు తెలియకపోయినా ఆ ధోరణి మన ప్రార్థన కూటాల దాకా వచ్చింది. కర్మ పోయి పాపం వచ్చింది. నేరం మాత్రం బాధితుడి దగ్గరే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే, దీన్ని ఖండించే కథ అదే బైబిల్లో ఉంది. యోబు ఆస్తి పోయి, పిల్లలు పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చుంటే ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంతవరకు వాళ్లు మంచి కౌన్సెలర్లు. ఆ తర్వాత నోరు తెరిచారు. నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇట్లా ఎందుకవుతుంది అన్నారు. యోబు ఒప్పుకోలేదు. దేవుడితోనే తగాదా పెట్టుకున్నాడు. చివరి అధ్యాయంలో దేవుడి కోపం తిరగబడిన యోబుమీద కాదు, దేవుణ్ని సమర్థించిన స్నేహితుల మీద. మన పల్లె చర్చిల్లో యోబు సహనం గురించి వినని ఆదివారం ఉండదు, యోబు తిరుగుబాటు గురించి విన్న ఆదివారం మాకు గుర్తులేదు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాంట్లో ఆశ గురించిన చివరి మాట లేదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి, నీలాగే ఇంకొకరు పూర్వం మొరపెట్టుకున్నారు, దాన్ని పవిత్ర గ్రంథంలోంచి ఎవరూ కొట్టెయ్యలేదు అని చూపించడం ఒక సాయమే. అదీ ఆ మనిషి అడిగితే.

ఈ విషయంలో ఆంటన్ బోయిసెన్‌ని తల్చుకోవాలి. 1920లో మతి చలించి ఆసుపత్రి పాలైన అమెరికన్ పాస్టరు ఈయన. కోలుకుని, 1925లో వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో దైవశాస్త్ర విద్యార్థులకి రోగుల మధ్య శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాల్ని ఎంత శ్రద్ధగా చదువుతారో రోగుల్ని అంత శ్రద్ధగా చదవండి, వాళ్లూ సజీవమైన పత్రాలే అన్నది ఆయన ఆలోచన. గ్రంథం తెచ్చి రోగిమీద పెట్టడం కాకుండా రోగినే గ్రంథంగా చదవడం. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అర్వింద్ నిర్మల్ ప్రసంగంతో మొదలైన దళిత దైవశాస్త్రం ఇంకో దారిలో ఇక్కడికే వచ్చింది. దళితుడి వేదన నుంచే బైబిలు చదవడం మొదలు కావాలంది. ఈ రెండు దారులూ మన దైవశాస్త్ర కళాశాలల్లో పాఠాలుగా ఉన్నాయి గానీ, కౌన్సెలింగ్‌లో కలిసి కనబడేది తక్కువ.

క్రీస్తుని నమ్మని మన కవి జీవితంలో, నమ్మిన మన కవి జీవితంలో ఈ ప్రశ్న ఒకటే అని జాషువా చూపిస్తాడు. 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడు తన బాధని ఎవరికి చెప్పుకుంటాడు? గురువుకి కాదు, పూజారికి కాదు. గుడిలోకి పోగల గబ్బిలానికి. అది అతనికి శ్లోకం చెప్పదు, కర్మ చెప్పదు. వింటుంది. వేల పేజీల మానసిక వైద్య సాహిత్యంలో భారతీయ నమూనా కోసం గీతని వెతికిన వాళ్లకి ఈ గబ్బిలం కనబడకపోవడం యాదృచ్ఛికం కాదు. జాంబపురాణం కూడా కనబడలేదు. చిందువాళ్లు ఆడే ఆ కథలో ఆది జాంబవుడు భూమికంటే ముందే పుట్టినవాడు, బ్రాహ్మణుడితో సృష్టి గురించి వాదించి నిలబడేవాడు. ఊరి చివర బతికే మనిషికి తన పూర్వీకుడు నేలకన్నా పెద్దవాడని వినడం మనసుకి ఏం చేస్తుందో లెక్కగట్టే స్కేలు ఏ ఆసుపత్రిలో ఉంది? అట్లాగని మనది కాబట్టి అంతా మంచిదే అనలేం. కామధేనువు మాంసం తిన్నందుకు కిందకి పడిపోయామనే శాపం కథ మన కులపురాణాల్లో కూడా ఉంది. మన నోటితో మన తప్పే ఒప్పించే కథ అది. దాన్నీ విప్పి చూడాల్సిందే.

అంబేద్కర్ చివరి పని ఇక్కడే అర్థమవుతుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో ధమ్మం స్వీకరించిన మనిషి, వాళ్ల చేతిలో పెట్టడానికి కొత్త గ్రంథం రాస్తున్నాడు. పాత బౌద్ధాన్ని కూడా ఉన్నదున్నట్టు తీసుకోలేదు. సిద్ధార్థుడు ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడనే కథ నమ్మశక్యంగా లేదన్నాడు. శాక్యులకీ కోలీయులకీ రోహిణి నది నీళ్ల దగ్గర తగాదా వచ్చి, యుద్ధం వద్దన్నందుకు ఇల్లు వదలాల్సి వచ్చిందని రాశాడు. అర్జునుడి పక్కన ఈ సిద్ధార్థుణ్ని నిలబెట్టి చూడండి. ఇద్దరూ బంధువులతో యుద్ధం వద్దన్నవాళ్లే. ఒకరికి ఆ వద్దనడం రోగమైంది, చికిత్స జరిగింది. ఇంకొకరికి అదే దారి అయింది. నాలుగు ఆర్యసత్యాలు ఉన్న రూపంలో మనిషికి ఆశ లేకుండా చేస్తాయని కూడా అంబేద్కర్ ముందుమాటలోనే అడిగాడు. జన్మే దుఃఖం అని అణగారిన మనిషికి చెప్పడంలోని ప్రమాదం ఆయనకి తెలుసు.

అదే పుస్తకంలో దుఃఖాన్ని మాన్పినవాడిగా బుద్ధుణ్ని చూపిస్తూ కిసాగోతమి కథ చెప్పాడు. బిడ్డ శవాన్ని ఎత్తుకుని మందు కోసం తిరిగే తల్లిని, ఎవరూ చావని ఇంటినుంచి ఆవాలు తెమ్మని పంపిస్తాడు. బోధించలేదు, పని చెప్పాడు. ఆమె ఇంటింటికీ పోయి, జనంతో మాట్లాడి, తనే తెలుసుకుంటుంది. దుఃఖ కౌన్సెలింగ్‌లో ఈ కథని ప్రపంచమంతా వాడుతున్నారు. వాడొచ్చు. కానీ మన వాడనుంచి పోయిన తల్లి అయితే, ఊళ్లో ఎన్ని ఇళ్లు తలుపు తీసి ఆవాలు పెడతాయనే ప్రశ్న మాకు వస్తుంది. అందరి దుఃఖమూ ఒకటే అనే ముందు అందరి గడపలూ ఒకటేనా అని చూసుకోవాలి. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఆసుపత్రి రోగుల కోసం బౌద్ధ ధ్యానంలోంచి మతాన్ని తీసేసి కార్యక్రమం తయారు చేశాడు. అది ఇప్పుడు మన కంపెనీల్లో, కాలేజీల్లో మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో తిరుగుతోంది. శ్వాస మీద ధ్యాస పెట్టమంటుంది. మంచిదే. రోహిణి నది నీళ్ల తగాదా మాత్రం దాంట్లో లేదు.

చట్టం ఏమంటుంది? 2018 మే 29 నుంచి అమల్లోకొచ్చిన 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 18వ సెక్షన్ మతం, కులం ఆధారంగా వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కునిచ్చింది. సమాజంలో చెలామణిలో ఉన్న నైతిక, మత నమ్మకాలకి ఒప్పుకోకపోవడాన్ని మానసిక రోగానికి ఆధారం చెయ్యకూడదని 3వ సెక్షన్ అంటుంది. కార్ట్‌రైట్‌కి ఇది జవాబు. కాగితం మీద. విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు కౌన్సెలర్‌ని పెట్టుకోవాలనీ, ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాల విద్యార్థులతో ఎట్లా మెలగాలో సిబ్బందికి నేర్పాలనీ చెప్పింది. 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేష్, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించిన హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయం మన కళ్లముందుంది. కౌన్సెలర్ల పోస్టులు వస్తాయి. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు, వాళ్ల చేతుల్లో ఏ పుస్తకం ఉంటుంది?

అధ్యాపక మిత్రులు, విద్యార్థి సంఘాలు ఇప్పుడే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కౌన్సెలర్ తనంతట తాను ఏ మతగ్రంథాన్నీ ఎత్తకూడదనే నియమం రాతపూర్వకంగా ఉందా. విద్యార్థి తన గ్రంథాన్ని, తన దేవతని, తన అంబేద్కర్‌ని తెచ్చుకుంటే విని అర్థం చేసుకునే చదువు ఆ కౌన్సెలర్‌కి ఉందా. భర్త కొట్టాడని వచ్చిన విద్యార్థినికి సీత కథో శిలువ కథో చెప్పి పంపితే ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కులవివక్ష జరిగిందని విద్యార్థి చెప్పినప్పుడు ఆ మాట కౌన్సెలర్ నోట్సులో అదే మాటగా నమోదవుతుందా, లేక సర్దుబాటు సమస్యగా మారిపోతుందా. ఈ చివరిదాని మీద యూనివర్సిటీల వారీగా సమాచారం సేకరించే పని మొదలుపెట్టాం. పేర్లు అక్కర్లేదు. ఏ పదం చెప్పారు, ఏ పదం రాశారు, చేతికి ఏ పుస్తకం ఇచ్చారు అన్నంతవరకు రాసి పంపితే చాలు.